కావలెను – చాలును



మన పాఠశాలలో ప్రతిదినము మిక్కిలి తరచుగ వినబడు మాట యేది యని యెవరైన నన్నడిగినచో, "కావలెను" అను మాటయే యని చెప్పుదును. ఉదయము గంట కొట్టక మునుపే ఒక బాలుడు నాకడకు వచ్చి, "సార్, నోటుపుస్తకము అయిపోయింది, ఇంకొకటి కావాలి" అనును. మధ్యాహ్న విరామమున మరియొక బాలుడు తన మిత్రునితో, "మా నాన్నను అడిగినాను, నాకు కొత్త ఫోను కావాలి" అనును. ఇరువురును పలికినది ఒకటే మాట. కాని ఇరువురి మాటలకును అర్థము ఒకటియేనా? ఈ ప్రశ్ననే యీ వ్యాసమున విచారింతము.

మనము ఇంట తెలుగును, వీథిలోను అంగడిలోను కన్నడమును మాటలాడువారము. రెండు భాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మనకు సహజముగ అబ్బిన భాగ్యము. తెలుగున "కావాలి" అను చోట కన్నడమున "బేకు" అందురు. దప్పిగొన్నవాడు "నీరు బేకు" అనును. ఇంటిలో ఒక మోటారుసైకిలుండగా రెండవదానిని కోరువాడును "బేకు" అనియే యనును. ఆంగ్లమున ఈ రెండింటికిని "నీడ్", "వాంట్" అని వేర్వేరు క్రియలు కలవు. మనకును అక్కర, అవసరము అను మాటలు ఒక వైపున, కోరిక, ఆశ, తృష్ణ అను మాటలు మరియొక వైపున లేకపోలేదు. అయినను నిత్యవ్యవహారమున రెండును "కావాలి" అను ఒకే వాకిటినుండి వెలువడుచున్నవి. అందుచేత వినువానికే గాక పలుకువానికిని, తాను అడుగుచున్నది అక్కరయో ఆశయో తెలియకుండ పోవుచున్నది.

మరి తెలిసికొనుట యెట్లు? ఉపాయమును కూడ ఆ భాషలే చూపుచున్నవి. తెలుగున "కావాలి"కి తోడుగ "చాలు" కలదు. కన్నడమున "బేకు"నకు తోడుగ "సాకు" కలదు. అక్కర యనునది "చాలు" అను మాటవద్ద నిలుచును. ఎంత ఆకలిగొన్నవాడైనను నాలుగు జొన్నరొట్టెలు తిన్నపిదప విస్తరిపై చేయి అడ్డము పెట్టును. చలికి కంబళి, వానకు ఇంటికప్పు, చదువునకు పుస్తకము, దీపము – వీనికన్నిటికిని ఒక కొలత కలదు. ఆశకు కొలత లేదు. ఏలయన అది మన దేహముయొక్క లోటునుండి గాక, తరచుగ ప్రక్కవానిని చూచుటనుండి పుట్టును. ప్రక్కవాడు క్రొత్త ఫోను కొన్ననాడు మన చేతిలోని ఫోను చెడకయే పాతదగును. "ఎంత యున్నచో నాకు చాలును?" అని మనలను మనము ప్రశ్నించుకొనునపుడు జవాబుగ ఒక కొలత వచ్చినచో అది అక్కర. ఎంతకును రానిచో అది ఆశ. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలోనే యున్నది. తక్కినవి దానికి నిదర్శనములు.

మొదటి నిదర్శనము నాదే. నేను కర్నూలులో తెలుగు పండిత శిక్షణ పొందుచున్న కాలమున మా తండ్రిగారు ఇచ్చట కాలువక్రింద కొంత పొలము కౌలునకు చేయుచుండిరి. ఒకనాడు నేను వారికి, "పుస్తకములకు ఆరువందల రూపాయలు కావలెను" అని జాబు వ్రాసితిని. పుస్తకములకు రెండువందలు సరిపోయెడివి. తక్కిన నాలుగువందలతో చేతిగడియారము కొనవలెనని నా ఆలోచన. మా గదిలోని ముగ్గురు మిత్రులకు గడియారములుండెను, నాకు లేకుండెను. గదిగోడకు ఒకటి, తరగతిలో ఒకటి గడియారము ఉండగా, నాకు కాలము తెలియక జరిగిన నష్టమేదియు లేదు. పైకము వచ్చెను. గడియారము కొంటిని.

ఉగాదికి ఇల్లు చేరినప్పుడు మా తండ్రిగారు వార్తాపత్రికను చేతులు చాచినంత దూరమున పట్టుకొని చూచి, పిదప మడిచి, నా చేతికిచ్చి, "కొంచెము చదివి వినిపించరా" అనిరి. ఆ రాత్రి మా తల్లిగారు చెప్పగా విషయము తెలిసెను. కళ్లద్దములకని దాచిన రూపాయలే నాకు పంపబడినవి. మరునాడు నేను సిగ్గుతో నిజము చెప్పితిని. మా తండ్రిగారు కోపింపలేదు. "నువ్వు కావాలని రాశావు కదరా. చదువుకునే పిల్లవాడు కావాలంటే పంపకుండా ఎట్లా ఉంటాము?" అని మాత్రము అనిరి. నేను ఆశతో వ్రాసిన మాటను వారు అక్కరగ చదివికొనిరి. నాకు ఉద్యోగము వచ్చి మొదటి జీతముతో కళ్లద్దములు కొనువరకును, అనగా సుమారు రెండేండ్లు, వారు పత్రికను ఇతరులచేత చదివించుకొనిరి. ఇంటిలో పైకము పరిమితముగ నున్నప్పుడు ఒకరి ఆశ మరియొకరి అక్కరను తినివేయునని నాకు ఆనాడు తెలిసినది.

ఇది ఒక ఇంటి కథ. ఇక ఒక ఊరి కథ వినుడు. 1956 నవంబరు 1వ తేదీవరకు మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రములో నుండెను. ఆ రాష్ట్రముననే, నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి 1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే వచ్చిరి. భూమికొరకు ఘర్షణలు చెలరేగి రక్తము ప్రవహించిన కాలమది. ఊరిలోని భూమిలేని దళిత కుటుంబములను వినోబా పలుకరించి, మీకేమి కావలెనని యడిగిరి. నలుబది కుటుంబములవారు ఆలోచించి, ఎనుబది ఎకరములు చాలుననిరి. నలుబది తరి, నలుబది మెట్ట. అప్పుడు ఆ సభలోనున్న వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరములు ఇత్తునని ప్రకటించిరి. భూదానోద్యమము అచ్చట పుట్టెను. ఈ వృత్తాంతమును చదువునప్పుడు మనము దాతను కొనియాడుదుము, అది ఉచితమే. కాని అడిగినవారిని కూడ గమనింపుడు. తరతరములుగ భూమి లేనివారు, ఎంత కావలెనని యడిగినప్పుడు, ఇంటికి రెండెకరములని లెక్కగట్టి చెప్పిరి. అక్కరకు అంకె కలదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? అడిగినవారికి "చాలు" తెలియుటచేతనే ఇచ్చువానికి ఇచ్చుట సులభమైనది.

ఇక రాజ్యమేలినవాని కథకు వత్తము. దానికై మనము దూరము పోనక్కరలేదు. మన మండలములోనే మస్కి కలదు. 1915లో బీడన్ అను గని ఇంజనీరు బంగారపు ఖనిజమును వెదకుచు తిరుగుచు, అచ్చటి గుట్టలో ఒక రాతిపై చెక్కిన వ్రాతను కనుగొనెను. అది మౌర్యచక్రవర్తి శాసనము. అంతకుమునుపు దొరికిన శాసనములలో "దేవానాంప్రియుడు", "ప్రియదర్శి" అను బిరుదనామములే గాని రాజు పేరు లేకుండెను. మస్కి శాసనమున "అశోక" అను పేరు స్పష్టముగ నుండుటచే ఆ శాసనములన్నియు అశోకునివే యని నిశ్చయమయ్యెను. బంగారమును వెదకబోయినవానికి అశోకుని పేరు దొరకినది!

ఆ అశోకుడెవరు? విశాలసామ్రాజ్యమునకు అధిపతియై యుండియు కళింగమును కూడ కోరినవాడు. కళింగము లేక ఆయనకు జరుగని దేమున్నది? ఆయన శాసనమే చెప్పుచున్నది: ఆ యుద్ధమున నూరువేలమంది చంపబడిరి, నూటయేబదివేలమంది చెరగొనిపోబడిరి, అంతకు పలురెట్లు ఇతరముగ నశించిరి. అది చూచి ఆయన పశ్చాత్తప్తుడయ్యెను. మన పొరుగున కర్నూలు జిల్లాలోని ఎర్రగుడివద్ద ఆయన శిలాశాసనములు పదునాలుగును కలవు. వానిలో మూడవది, తల్లిదండ్రుల సేవ, దానము, అహింస మేలైనవని చెప్పుచు, తక్కువ వ్యయము, తక్కువ సంగ్రహము కూడ మేలైనవని బోధించుచున్నది. వస్తువులను మితముగ కూర్చుకొనుమని ఒక చక్రవర్తి ప్రజలకు రాతిపై చెప్పుట వింతగ లేదా? మితము లేని కోరికకు మూల్యమెంతయో స్వయముగ చూచినవాడు గనుకనే ఆయన అట్లు చెప్పగలిగెను. ధర్మఫలము గొప్పవారికే గాక, పూనిక యున్నచో సామాన్యునికిని లభ్యమేయని మస్కి శాసనము తెలుపుచున్నది. కావున ఈ పాఠము రాజులకు మాత్రమే యని మనము తప్పించుకొన వీలులేదు.

బీడన్ వెదకిన బంగారమును కూడ చూతము. మస్కికి ఎంతో దూరము కాని హట్టిలో బంగారపు గని కలదు. సుమారు రెండువేల యేండ్లకు పూర్వమే అచ్చట మనుష్యులు వందల అడుగుల లోతునకు త్రవ్వినట్లు ఆనవాళ్లు దొరకినవి. ఒక టన్ను రాతిని వెలికి తీసి, పొడిచేసి, శుద్ధిచేసినచో లభించు బంగారము కొలది గ్రాములు మాత్రమే. 2001లో కోలారు గనులు మూతపడిన తరువాత మన దేశమున చెప్పుకొనదగిన బంగారపు గని ఇదియొక్కటే యైనది. ఇటీవలి సంవత్సరములలో దాని వార్షికోత్పత్తి రెండు టన్నులకు లోపే. కాని 2023లో మన దేశము విదేశములనుండి తెప్పించుకొన్న బంగారము ఏడువందల టన్నులకు పైగా! పుస్తెకు కొంచెము బంగారము, ఆపత్కాలమునకు దాపుగ మరికొంచెము – దీనికి కొలత కలదు. ప్రక్కయింటి పెండ్లిలో పది తులములు పెట్టిరి గనుక మన పెండ్లిలో పదునైదు పెట్టవలెననుటకు కొలత లేదు. ఆ యైదు తులములకై పొలము కుదువపెట్టిన ఇండ్లు మీ యూళ్లలో లేవా? ఆలోచింపుడు.

ఇంతవరకు ఇతరులను గూర్చి చెప్పితిమి. ఇప్పుడు మనలను గూర్చి చెప్పుకొనవలసిన కష్టమైన మాట యొకటి కలదు. 1953నుండి నీరిచ్చుట ప్రారంభించిన తుంగభద్రా జలాశయపు ఎడమగట్టు ప్రధానకాలువ 227 కిలోమీటర్ల పొడవు గలది. కొప్పళ ప్రాంతమున పారి, గంగావతి, సింధనూరు, మాన్వి సీమలను తడుపుచు రాయచూరువైపు వచ్చును. తరచు క్షామముల పాలగు ఈ మెట్టనేలకు, ఉన్న నీటిని పలుచగ పంచి, వీలైనంత యెక్కువ భూమిని కాపాడవలెనని దానిని రూపొందించిరి. ఏ పొలమున ఏ పంటకు నీరీయవలెనో ముందుగనే నిర్ణయించిరి. వరికి కొంత భూమియే; జొన్న, ప్రత్తి, వేరుశనగ మొదలగు ఆరుతడి పంటలకే అధికభాగము.

అప్పుడు కృష్ణా, గోదావరి, గుంటూరు సీమలనుండి తెలుగు రైతులు వచ్చి, కాలువ ప్రక్కన భూములు కొని, "క్యాంపులు" అను ఊళ్లు కట్టుకొనిరి. వారు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. ముండ్లకంపలు కొట్టి, నేల చదునుచేసి, మళ్లు కట్టి, ఈ సీమను అన్నపురాశిగ చేసిరి. వారిని చూచి స్థానిక రైతులును వరి పండింప నేర్చిరి. మీలో చాలమంది ఆ క్యాంపుల బిడ్డలే. కాని నిర్ణయించిన భూమిని మించి వరి వ్యాపించెను. వరి త్రాగు నీరు ఆరుతడి పంట త్రాగు నీటికంటె అనేకరెట్లు అధికము. కాలువ మొదటనున్న తూములవద్ద మళ్లు నిండుచుండ, చివరి ఆయకట్టులోని మాన్వి, రాయచూరు ప్రాంతముల రైతులు పంట ఎండునప్పుడు ఎండిన కాలువను చూచుచు కూర్చుండవలసి వచ్చుచున్నది. ఒండ్రు చేరుటచే జలాశయముయొక్క నిలువసామర్థ్యము కూడ తొలుత సుమారు 133 టి.ఎం.సి.లు ఉండినది, 2016 నాటి కొలతప్రకారము సుమారు 105కు తగ్గెను. నీరు తగ్గినను కోరిక తగ్గలేదు. నీరు మితిమీరినచోట నేల చౌడుబారి, నీరు తీసికొన్నవానికే పంట లేకుండ చేసిన తావులును కలవు.

ఇది పరనింద కాదు. నేను తిన్న అన్నమును ఆ కాలువ నీటితో పండినదే. మా తండ్రిగారు కట్టిన మడులలోనిదే. పొట్టకూటికై వరి వేసిన కౌలుదారుని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని తొలి మడికి నీరు అక్కరయైనట్లే చివరి చేనికిని అక్కరయే. నా మడికి "చాలు" అని నేను చెప్పనినాడు చివరి చేనికి నీరు చేరదు. కళ్లద్దముల కథయు ఇదియే. ఇల్లు పెద్దదైనది, అంతే భేదము.

నేటికాలమున ఆశను పెంచు సాధనములు మునుపటికంటె అధికమైనవి. ఒకప్పుడు పొరుగింటివారిని మాత్రమే చూచి కోరుకొనెడివారము. ఇప్పుడు అరచేతిలోని ఫోనులో లోకమంతయు పొరుగిల్లే. వస్తువుయొక్క పూర్తి వెల చెప్పక నెలవాయిదా మాత్రమే చెప్పి అమ్ముట మరియొక ఉపాయము. ఒక చిన్న లెక్క చేయుడు. పదునైదువేల ఫోనును నెలకు వేయి రూపాయల చొప్పున పదునెనిమిది నెలలు కట్టినచో ఎంతయగును? పదునెనిమిదివేలు. పైన పోయిన మూడువేల రూపాయలతో మీ ఇంటిలో ఎవరి యే అక్కర తీరియుండునో, కాగితముమీద వ్రాసి చూడుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక. కోరికలు తగ్గించుకొమ్మను బోధను లేనివానిమీద ప్రయోగింపరాదు. రొట్టె లేనివానికి సంతృప్తిని ఉపదేశించుట ధర్మము కాదు. పని దొరకక ఇండ్లకు తాళము వేసి బెంగళూరువైపు గుళే పోవు కుటుంబములు మన మండలమున నున్నవి. అట్టి ఇంటి బాలిక చెప్పులడిగిన, పలకయడిగిన, రాత్రి చదువునకు దీపమడిగిన అది ఆశ కాదు. అక్కరను అడుగుటకు ఎవరును సిగ్గుపడరాదు. ఇంటిలోను, బడిలోను, ప్రభుత్వమునెదుటను తలయెత్తి అడుగవలెను. పోచంపల్లివారు అడిగినట్లు లెక్కతో అడుగవలెను. అట్లే కోరికలన్నియు పాపములనియు నేననను. పండుగకు క్రొత్తబట్ట, పాట వినుటకు రేడియో, ఆడుటకు ఒక బంతి – ఇవి లేకున్న ప్రాణము పోదు. ఉన్నచో బ్రదుకు తేటపడును. వాని కొరకు మరియొకరి అక్కర హరింపబడనంతవరకు వానిని సంతోషముగ అనుభవింపుడు. కాని ఆశను ఆశయని పేరుపెట్టి పిలువుడు. అక్కర యను ముసుగు వేయకుడు. నేను చేసిన తప్పు గడియారము కోరుట కాదు. దానిని పుస్తకములని వ్రాయుట.

ఇందులకు మీరు చేయదగిన అభ్యాసము ఒకటి చెప్పి ముగింతును. ఏ వస్తువునైన అడుగవలెనని తోచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది లేక నాకు ఆగిపోయిన పని యేది? ఎంత యున్నచో నాకు చాలును? దీని వెల ఎవరి చేతినుండి వచ్చును, ఆ చేయి దేనిని విడిచి దీనినిచ్చును? పిదప ఒక నెల ఆగుడు. నెల గడచినను మొదటి ప్రశ్నకు జవాబు మారనిచో, వెనుకాడక అడుగుడు. నెలలో ఆ వస్తువునే మరచిపోయినచో, అది ఏమియో మీకే తెలియును.

మొదట చెప్పిన ఇరువురు బాలురలో నోటుపుస్తకమడిగినవాని కడకు మరల వత్తము. ఎన్ని కావలెనని నేనడిగితిని. వాడు క్షణమైన ఆలోచింపక, "ఒకటి చాలు సార్" అనెను. రెండవ బాలుని నేనింకను అడుగలేదు. ఈ వ్యాసము చదివిన పిదప తనను తానే యడిగికొనునని నమ్ముచున్నాను.